మిర్జో మర దగ్గర గుండిగ బోర్లపడ్డ రాత్రి

మిర్జో మర మంచి చోటు కాదు. ఆ మాట ఇస్తాంబుల్ సుల్తాన్ మనుషులూ ఒప్పుకుంటారు, ఆయన శత్రువు షా మనుషులూ ఒప్పుకుంటారు. మా సరిహద్దులో ఆ రెండు పక్షాలూ కలిసి ఒప్పుకున్న సంగతి అదొక్కటే.

కారాబురుజు కోట కింద, వాగు ఒడ్డున ఉండేది ఆ నీటిమర. కోట ఎన్నిసార్లు చేతులు మారిందో మా పెద్దవాళ్లకే లెక్క తప్పింది. శుక్రవారం ప్రార్థనలో ఏ పాదుషా పేరు చదవాలో తేల్చుకోవడానికి మా మసీదు ఖతీబు ముందు వాకిట్లోకి వచ్చి, తలెత్తి బురుజు మీది జెండా చూసుకుని, అప్పుడు లోపలికి వెళ్లేవాడు. ఆయనకి చూసుకోవడానికి జెండా అయినా ఉంది. మర నడిపే మిర్జోకి అదీ లేదు.

ఒక రాత్రి ఎవరో తలుపు తట్టి "ఎవరి మనిషివిరా?" అన్నారు. "సుల్తాన్ మనిషిని" అన్నాడు మిర్జో. వచ్చినవాళ్లు షా సిపాయిలు. పిండి మొత్తం పట్టుకుపోయారు. మర్నాటి రాత్రి మళ్లీ తట్టారు. ఈసారి తెలివి తెచ్చుకుని "షా మనిషిని" అన్నాడు. వాళ్లు సుల్తాన్ సిపాయిలు. గింజలూ, గాడిదా పట్టుకుపోయారు. ఆ చలికాలం మిర్జో తన తిరగలిరాయి మీదే ఆకలితో చచ్చిపోయాడు. ఊరందరికీ పిండి విసిరి పెట్టినవాడు పిడికెడు పిండి లేక చావడం... తలుచుకుంటే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది.

అప్పట్నించి చీకటిపడ్డాక ఆ దారిన వెళ్లేవాళ్లని వెనకనుంచి ఓ గొంతు అడుగుతుందట — "ఎవరి మనిషివి?"

ఏం చెప్పినా తప్పేనట. సుల్తాన్ అంటే మెడ పట్టుకుంటుంది. షా అన్నా మెడ పట్టుకుంటుంది. ఏమీ చెప్పకపోతే ఏమవుతుందో... అలా చేసినవాడెవడూ తిరిగొచ్చి చెప్పలేదు.

షా చేతిలో ఉన్న కోటని సుల్తాన్ సైన్యం ఇంకోసారి చుట్టుముట్టిన ఏడాది, ఆ మర దగ్గరికి అర్ధరాత్రి వెళ్లాల్సిన ఖర్మ పట్టినవాడు దుర్ముష్.

దుర్ముష్ సుల్తాన్ సొంత కాల్బలమైన జానిసరీ పటాలంలో గిన్నెలు తోమేవాడు. నవ్వకండి. జానిసరీల్లో అది హోదా. వాళ్ల సర్దారుని చోర్బాజీ అంటారు, అంటే జావ పోసేవాడని. టోపీకి ఈక పెట్టుకునే చోట చెంచా గుచ్చుకుంటారు. పటాలం జెండా పోతే ఏడ్చి ఊరుకుంటారు గానీ, జావ కాచే రాగి గుండిగ శత్రువు చేతిలో పడిందా, ఇక ఆ పటాలమే ఉండదు. గుండిగ చాటున చేరినవాడు ఎంత నేరస్తుడైనా వాణ్ణి ముట్టుకోవడానికి వీల్లేదు. ఆ గుండిగని బోర్లిస్తే మాత్రం — సుల్తాన్ పెట్టే తిండి మాకొద్దని చెప్పినట్టు. అంటే తిరుగుబాటు. బోర్లించిన గుండిగ మాట చెవిన పడగానే వజీర్లు పెరటి గోడలు దూకిన రోజులున్నాయి.

ఇంత పవిత్రమైన గుండిగని దుర్ముష్ ఆ సాయంత్రం మాడబెట్టాడు.

పొయ్యి దగ్గర కాస్త కునుకు పట్టింది. అంతే. జావ అడుగంటి, బొగ్గై, రాగికి అతుక్కుపోయింది. పొద్దున్నే సైన్యాధిపతి పాషాగారు గుండిగలు చూడ్డానికి వస్తారు. ఆయనకన్నా ముందు వంటపెద్ద నసూహ్ చూస్తాడు. అరికాళ్లకి దెబ్బలు సరే, అవి మానతాయి. టోపీలోంచి చెంచా పీకేస్తారు. చెంచా పోయిన జానిసరీని సొంత అమ్మ కూడా గుమ్మంలోనే నిలబెట్టి మాట్లాడుతుంది.

డేరాల్లో నీళ్లు తాగడానికే చాలడం లేదు. మాడు వదలాలంటే నీళ్లూ కావాలి, గరుకు ఇసుకా కావాలి. రెండూ ఉన్నది మిర్జో మర కాలవలోనే. పగలైతే కోట మీది తుపాకులన్నీ ఆ కాలవ వైపే చూస్తుంటాయి. కాబట్టి... రాత్రే.

గుండిగని కంబళి మీద కూర్చోబెట్టి, తాడు కట్టి, మెల్లిగా లాక్కుంటూ వెళ్లాడు. మూతి ఆకాశం వైపే ఉండాలి. రాయి తగిలి ఒరిగినప్పుడల్లా రెండు చేతులా పట్టుకుని, "ఒరిగితే ఒరుగు తల్లీ, బోర్లపడకు" అని బతిమాలుకున్నాడు.

చంద్రుడు లేడు. మర గోడలు సగం కూలి, తలుపులేని గుమ్మం నల్లగా కనిపిస్తోంది. అటు చూడకూడదనుకున్నాడు. చూడలేదు. కాలవ గట్టున గుండిగని పక్కకి వంచి, ఇసుకా బూడిదా వేసి, కాయలు కాచిన అరచేతులతో రుద్దాడు. ముంజేతులు పట్టేసేదాకా రుద్దాడు. చివరికి వేలితో తడిమితే అడుగు నున్నగా తగిలింది.

"హమ్మయ్య..." అన్నాడు.

"ఎవరి మనిషివి?"

దుర్ముష్ చెయ్యి ఆగిపోయింది.

మర లోపల, ఏళ్ల తరబడి తిరగని రాయి కాస్త కదిలినట్టు గరగరమంది. ఆ తరువాత వట్టికాళ్లతో ఎవరో నడిచినట్టు మెత్తటి చప్పుడు... గుమ్మం దాకా వచ్చింది.

"ఎవరి... మనిషివి?"

పారిపోవచ్చు. కాళ్లు అప్పుడే సిద్ధంగా ఉన్నాయి. కానీ గుండిగ? ఇక్కడ వదిలేస్తే పొద్దున్నకల్లా కోటవాళ్లు చూస్తారు. మధ్యాహ్నానికి అది వాళ్ల బురుజు మీద వేలాడుతుంది. తన మూలాన పటాలం మొత్తం నాశనం. తీసుకుపోదామంటే అంత బరువు లాక్కుంటూ దెయ్యం ముందు ఎంత దూరం పోగలడు?

అప్పుడు మెరిసింది. గుండిగ చాటున ఉన్నవాణ్ణి పాదుషా కూడా ముట్టుకోడు కదా. పాదుషాకే లేని చనువు దెయ్యానికి ఎక్కణ్ణించి వస్తుంది?

గుండిగని మీదికి లాగేసుకున్నాడు. దభీమంది. చీకట్లో ఇంకో చీకటి.

మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని కూర్చున్నాక, తనేం చేశాడో తెలిసొచ్చింది. గుండిగ బోర్లించాడు! లోకంలో అందరికన్నా పెద్ద సుల్తాన్ మీద తిరుగుబాటు లేవదీశాడు. ఒక్కడే. ఒక మర దగ్గర.

"యా అల్లా, ఇది తిరుగుబాటు కాదు... ఉత్త భయం" అని గొణుక్కున్నాడు.

ఇంతలో బయట పరుగెత్తే అడుగులు. గుండిగ అంచు ఒక పక్క లేచింది. ఎవడో దబ్బున లోపలికి దూరి, దుర్ముష్ ఒళ్లో పడ్డాడు. అంచు మళ్లీ నేలకి తగిలింది.

ఇద్దరి ముక్కులూ దాదాపు రాసుకుంటున్నాయి.

"నువ్వు... మిర్జోవా?" అన్నాడు దుర్ముష్.

"కాదు. నువ్వా?"

"కాదు."

ఇద్దరూ ఊపిరి వదిలారు. దుర్ముష్ చేత్తో తడిమి చూశాడు. టోపీ మధ్యలోంచి కర్రలాగా పొడుచుకొచ్చిన కుచ్చు తగిలింది. అలాంటి ఎర్రటోపీలు పెట్టుకునేది షా సిపాయిలే.

"ఒరేయ్, ఎర్రటోపీగాడివి!"

అవతలివాడి చెయ్యి కూడా ఊరుకోలేదు. "నువ్వు చెంచాగాడివి!"

"కత్తుందా నీ దగ్గర?"

"ఉంది. నీ దగ్గర?"

"ఇసుక ఉంది" అన్నాడు దుర్ముష్.

వాడు కత్తి పిడి వదిలేశాడు. "సర్లే. ఇక్కడ చెయ్యెత్తడానికే చోటు లేదు, ఇంక పొడుచుకోవడం ఎక్కడ. నా పేరు షావెర్దీ. కోటలో రొట్టె అయిపోయిందిరా. మర గోడల సందుల్లో పాతపిండి ఏమైనా మిగిలిందేమో దులుపుకు రమ్మన్నాడు మా సర్దారు. నువ్వు రుద్దే చప్పుడు విని దెయ్యమే అనుకుని రాళ్ల వెనక నక్కాను. పైగా నువ్వు ఎవరి మనిషివి, ఎవరి మనిషివి అని అడుగుతుంటే..."

"నేనెక్కడ అడిగాను? అడిగింది నువ్వు కాదూ?"

"నేనా?"



టంగ్.

గుండిగ మీద ఎవరో వేలి కణుపుతో కొట్టారు. నిదానంగా... తలుపు తట్టినట్టు.

టంగ్. టంగ్.

"ఎవరి... మనుషులు?"

మనుషులు — అంది. లోపల ఒకడు కాదని దానికి తెలుసు.

"చెప్పు" అన్నాడు షావెర్దీ, దుర్ముష్ చెవిలో.

"నువ్వు చెప్పు."

"గుండిగ నీది. వాకిట్లోకి ఎవరైనా వస్తే ఇంటాయన పలకాలా, చుట్టం పలకాలా?"

"సుల్తాన్ అంటే చస్తాం. షా అన్నా చస్తాం."

"ఊరుకున్నా చస్తాం. ఏదో ఒకటి కూయవయ్యా!"

టంగ్. ఈసారి గట్టిగా. లోపల చెవులు గింగిరుమన్నాయి. దుర్ముష్ నోట్లోంచి అతను అనుకోకుండానే మాట జారింది —

"నేను... గిన్నెలు తోమేవాణ్ణి."

ఇన్నేళ్లలో ఆ ప్రశ్నకి అటువంటి జవాబు వచ్చి ఉండదు. ఎంతసేపటికో ఆ గొంతు మళ్లీ లేచింది. ఇందాకటి కరుకు లేదు. ఎవరో మొహమాటపడుతూ అడిగినట్టుంది.

"ఏం వండారు?"

షావెర్దీ దుర్ముష్ భుజం గట్టిగా పట్టుకున్నాడు. "ఏమంటోంది?"

"ఏం వండారంటోంది."

"వినబడింది. ఎందుకంటోంది?"

"నాకేం తెలుసు? జావ..." అన్నాడు దుర్ముష్, బయటికి వినబడేలా. "గోధుమ జావ, బాబూ." ఆగి, అబద్ధమాడితే ఏం కొంపమునుగుతుందోనని, "కాస్త మాడింది" అని కూడా కలిపాడు.

బయట ఎవరో పెద్దగా నిట్టూర్చారు.

అంతకుమించి ఇద్దరికీ ఓపిక లేదు. ఒకేసారి లేచారు. గుండిగ ఇద్దరి నెత్తిమీదా కూర్చుంది. దాన్ని వదిలి బయటికి రావడానికి ఇద్దరికీ ధైర్యం చాల్లేదు. అందుకని దానితోపాటే పరుగు మొదలుపెట్టారు. నాలుగడుగులు వేశాక జగడం.

"ఎటురా లాగుతావు?" అన్నాడు షావెర్దీ.

"మా డేరాలకి."

"నీ మొహం! కోటకి పద."

"గుండిగ కోటలోకి వస్తే మా పటాలం ఉండదు."

"నేను మీ డేరాల్లోకి వస్తే నేనే ఉండను."

"గుండిగ కింద ఉన్నవాణ్ణి మావాళ్లు ముట్టుకోరు. నా చెంచా మీద ఒట్టు."

"చెంచా మీద ఒట్టేమిట్రా, ఎవరైనా వింటే నవ్విపోతారు!"

"నాకు అంతకన్నా పెద్దది లేదన్నా" అన్నాడు దుర్ముష్. ఆ మాట అంటుంటే అతనికి నిజంగానే ఏడుపొచ్చింది.

షావెర్దీ మెత్తబడ్డాడో లేదో గానీ, ఈ లాగులాటలో గుండిగ గిర్రున తిరిగింది. ఒకసారి కాదు, చాలాసార్లు. ఆగేసరికి కోట ఎటో, డేరాలెటో ఇద్దరికీ దిక్కు తెలీలేదు. అంచు కింద కనిపించేది తమ అడుగుల ముందున్న జానెడు నేల. అదీ చీకటే.

ఇక ఎటు కాళ్లు పడితే అటు నడిచారు. మొదట్లో మెడలు విరిగిపోయేంత బరువుగా ఉన్న గుండిగ, పోనుపోను తేలికైంది. అవతలివాడు బక్కగా ఉన్నా బాగానే మోస్తున్నాడే అని ఎవరికి వారు మనసులో మెచ్చుకున్నారు.

"ఎవర్రా అక్కడ?"

ఇద్దరూ ఉన్నచోటే ఆగారు.

"మీవాళ్లా?" అన్నాడు దుర్ముష్.

"మీవాళ్లు కాదా?"

"గొంతు పట్టి తెలీదూ?"

"ఎలా తెలుస్తుంది? మనందరిదీ ఒకే భాషే కదరా, దిక్కుమాలినవాడా!"

అది కోటవాడి కేక అయితే గుండిగ పోయినట్టే. తన చేతులతో మోసుకొచ్చి మరీ శత్రువుకి అప్పగించినట్టు. దుర్ముష్ కళ్లు మూసుకున్నాడు. బయట దివిటీ చిటపటమంది. ఆ తరువాత చెవులు చిల్లులు పడేలా అరుపు —

"గుండిగ బోర్లపడింది! లేవండ్రోయ్... మన గుండిగ బోర్లపడి నడిచొస్తోంది!"

గుండిగని చూసి అలా అరిచేవాళ్లు లోకంలో జానిసరీలు తప్ప ఇంకెవరూ లేరు. సొంత పటాలమే! దుర్ముష్‌కి ప్రాణం లేచొచ్చింది. ఆ వెంటనే పోయింది కూడా. బోర్లించింది తనేనని తెలిస్తే ఇక అరికాళ్లతో వదలరు, మెడకే ఉరి.

"కూర్చో" అన్నాడు షావెర్దీని. ఇద్దరూ అక్కడే చతికిలబడ్డారు. గుండిగ అంచు నేలకి ఆనింది.

చుట్టూ పరుగులు, కేకలు. చీకట్లో కూర్చుని అన్నీ వింటున్నారు.

"ఎవడు బోర్లించాడు?"

"ఎవడూ కాదట. దానంతట అదే బోర్లపడిందట. మన బాధ చూళ్లేక."

"అయితే ఇది తిరుగుబాటేనా?"

"కాకపోతే గుండిగ ఊరికే షికారుకి పోయిందా?"

"ఎందుకోసం తిరగబడుతున్నాం?"

"ముందు తిరగబడరా, కారణం తరవాత చూద్దాం. పక్క పటాలంవాళ్లు అప్పుడే వాళ్లది కూడా బోర్లించేశారు."

చెంచాలతో గిన్నెలు వాయించడం మొదలైంది. ఆ హోరుకి కోటలో కూడా కుక్కలు మొరిగాయి. చోర్బాజీ బాలీ ఆగా గొంతు వినిపించింది. నిద్రలోంచి లేచొచ్చాడు.

"మీకేం కావాలో చెప్పి చావండ్రా! తిరగబడ్డాక ఏదో ఒకటి అడగాలా వద్దా?"

"జావ చిక్కగా కావాలి!"

"బూట్లు!"

"మా ఇంటిదాని కబురు కావాలి!"

"అయితే ఇంటికే పోదాం పదండి!" అన్నాడెవడో వెనకనుంచి.

ఆ మాటతో గిన్నెల మోత ఆగిపోయింది. ఇంటికి... అన్న మాట నెమ్మదిగా ఒక నోటినుంచి ఇంకో నోటికి పాకింది. కాసేపటికి డేరాలన్నీ అదే అంటున్నాయి. గుండిగ కింద దుర్ముష్ పెదవులు కూడా అన్నాయి. అతను ఇల్లు చూసి చాలాకాలమైంది.

పాషాగారు వచ్చారు. వచ్చిన చప్పుడు బట్టి ఒక కాలికే చెప్పుంది.

"అంటే..." అన్నారు పాషా జాగ్రత్తగా, "ముట్టడి ఎత్తెయ్యమని మీరు నన్ను బలవంతపెడుతున్నారు. అంతేనా?"

"అంతే!"

"కత్తులు దూసి?"

ఎవరూ కత్తి దుయ్యలేదు. సగంమంది చేతుల్లో చెంచాలే ఉన్నాయి.

"కాస్త దుయ్యండి నాయనా" అని బతిమాలారు పాషా. "రేపు ఇస్తాంబుల్‌లో అడిగితే నేనేం చెప్పను?"

నాలుగు కత్తులు మొహమాటంగా బయటికొచ్చాయి.

"అయ్యయ్యో! సైన్యం తిరగబడింది, నేనొక్కణ్ణి ఏం చేయగలను!" అన్నారు పాషా. అంత సంతోషంగా ఏడ్చినవాణ్ణి మా సరిహద్దులో ఎవరూ చూసి ఉండరు. పాపం, ఆయన ఇబ్బంది ఆయనది. ఫిరంగులు బురదలో దిగబడిపోయాయి, మంచు కురిసే రోజులొచ్చేశాయి. ఊరికే వెనక్కి పోతే సుల్తాన్ మనుషులు మెడకి పట్టుతాడు బిగించి చంపేస్తారు. ముందుకి పోదామంటే దారి లేదు. బోర్లపడ్డ గుండిగ ఆయన్ని కూడా గట్టెక్కించింది.

తెల్లారేసరికి డేరాలు దిగిపోతున్నాయి. గుండిగ మాత్రం పడ్డచోటే ఉంది. చివరికి నసూహ్ వచ్చి కాలితో తట్టాడు.

"లేవండ్రా. తిరుగుబాటు అయిపోయింది. జావ కాయాలి."

ఇద్దరూ కళ్లు చిట్లించుకుంటూ బయటపడ్డారు. ఎర్రటోపీని చూసి కొందరి చేతులు కత్తుల మీదికి పోయాయి గానీ, గుండిగని చూసి వెనక్కొచ్చాయి. బాలీ ఆగా దుర్ముష్‌ని పైనుంచి కిందికి చూశాడు. దుర్ముష్ మెడ వంచి నిలబడ్డాడు. ఏ శిక్షయినా సరే అనుకున్నాడు.

"వీడి చెంచా పీకాలా, ఆగా?" అడిగాడు ఎవడో.

"సైన్యాన్ని ఇంటికి తోలుకుపోయే నాయకుడి చెంచా పీకేదెవడు?" అన్నాడు బాలీ ఆగా. "వాణ్ణి తిననివ్వండి."

దుర్ముష్ టోపీ తీసి, చెంచా తడిమి చూసుకుని, మళ్లీ పెట్టుకున్నాడు. పొయ్యి పక్కనే కూలబడ్డాడు. షావెర్దీ అతని పక్కన చేరాడు. ఇద్దరి మధ్యా ఇంకో మనిషి పట్టేంత ఖాళీ ఉంది. ఎందుకు వదిలారో వాళ్లకే తెలీదు.

గుండిగ చాటున తలదాచుకున్నవాళ్లకి తొలి జావ పోయడం వాళ్ల ఆచారం. నసూహ్ పొగలు కక్కే జావ గిన్నెల్లో పోసి వాళ్ల ముందు పెట్టాడు. ఒకటి దుర్ముష్‌కి. ఒకటి షావెర్దీకి. ఒకటి మధ్యలో.

దుర్ముష్ గబగబా సగం తాగాక గానీ అది చూడలేదు.

"ఈ మూడోది ఎవరికి, ఉస్తా?"

"మీ మూడోవాడికి" అన్నాడు నసూహ్, పొయ్యిలో కట్టె ఎగదోస్తూ.

"ఇద్దరమే కదా..."

"దివిటీ పట్టుకుని నిలబడ్డవాణ్ణి నేను, నాకు చెబుతావా? గుండిగ కింద మూడు జతల కాళ్లు. ముందు నీ బూట్లు, వెనక వీడి చెప్పులు. నడుమ వట్టికాళ్లు. మోకాళ్లదాకా తెల్లగా పిండి. బరువంతా అతనే మోస్తున్నాడు పాపం, ఎముకలగూడులా ఉన్నాడు. ఎక్కడికి పోయాడు? జావ చల్లారిపోతుంది."

దుర్ముష్ షావెర్దీ మొహం చూశాడు. అతను దుర్ముష్ మొహం చూశాడు. మధ్యలోకి చూడ్డానికి ఇద్దరికీ మెడ తిరగలేదు.

ఎంతసేపని? చివరికి ఇద్దరూ ఒకేసారి కళ్లు దించారు.

మూడో గిన్నె ఖాళీ. అడుగున ఒక్క మెతుకు లేదు. వేలితో ఊడ్చి నాకినట్టు శుభ్రంగా ఉంది.

అప్పుడు... ఇద్దరి భుజాలకీ మధ్య, ఆ ఖాళీ చోటులోంచి, చాలా మెల్లిగా —

"ఇంకొంచెం ఉందా?"

దుర్ముష్ తల తిప్పకుండానే గరిటె అందుకున్నాడు.